చచ్చినవాడి వాటా

నాలుగు రోజులుగా నా కాలు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియదు. టీ కాచుకుంటాను, తాగను. ఇంతవరకూ నా వెంట నడిచినవాళ్లకు ఈ అలజడి ఎందుకో తెలుసు. కొత్తగా వచ్చినవాళ్లుంటే రెండు ముక్కల్లో చెప్పేస్తాను, నాకూ ఓపిక లేదు.

మా పోర్ట్‌కెల్లీ రేవులో ముప్పాతికమంది ఇంటిపేరు మెయిరే. ‘మెయిర్!’ అని ఒక్క కేక వేస్తే నలభై తలలు తిరుగుతాయి. అందుకే ఇంటికో పిలుపుపేరు ఉంటుంది. మాది షేవీ. మా నాన్న బయటి ఊరివాడు కాబట్టి నేనూ అమ్మ తరఫున షేవీనే. పక్కవీధిలోది కోస్టీ. పడవ కాగితాల్లోనూ, ఓటర్ల జాబితాలోనూ, చివరికి వీలునామాల్లోనూ ఆ పేరు పెట్టి రాస్తారు. లేకపోతే ఎవరు ఎవరో ఆ దేవుడికి కూడా తెలియదు.

మా అమ్మ బార్బరాకి తొంభై ఏళ్లు. ఎనిమిది మైళ్ల దూరంలో ఆసుపత్రిలో పడి ఉంది. ఈ వారం దాటదన్నాడు డాక్టరు. ఆవిడ కోరింది ఒక్కటే. సముద్రం మీది కొండకొమ్మున పాత సమాధుల తోట ఉంది. అందులో పద్నాలుగో నంబరు చోటులో మా అమ్మమ్మ ఉంది, తాతగారి చెల్లెలు ఎల్స్పెత్ ఉంది. ఇంకొక్కరికే చోటుంది. ‘నన్ను అమ్మ పక్కన పెట్టండే’ అని అడుగుతోంది అమ్మ.

ఆ చోటు తనదేనని కోస్టీ వాటీ పదిహేనేళ్లుగా పట్టుబట్టి కూర్చున్నాడు. ఆయనకి డెబ్బై ఎనిమిది. పాత హక్కు కాగితంలో ‘అలెగ్జాండర్ మెయిర్, జాలరి’ అని మాత్రమే ఉంది. రాసినవాడెవడో పొలాలవైపు నుంచి వచ్చిన గుమాస్తా, వాడికి పిలుపుపేరు రాయాలని తెలియలేదు. అలెగ్జాండర్లు ఇద్దరు, వరసకు బావాబావమరుదులు. అలెగ్జాండర్‌ని మా ఊళ్లో సాండీ అంటారు. మా తాత షేవీ సాండీ, వాటీ వాళ్ల నాన్న కోస్టీ సాండీ. కౌన్సిల్ ఆఫీసువాళ్లు తెగేసి చెప్పారు: రుజువు తెండి, లేదా వాటీ తన హక్కు వదులుకుంటున్నట్టు ఈ కాగితం మీద సంతకం పెట్టించండి.

పోయిన వారం ఎడిన్‌బరో వెళ్లాను. రికార్డు ఆఫీసులో రెండు రోజులు కూర్చుని, 1909లో సముద్రంలో పోయిన మా తాత వీలునామా పట్టుకున్నాను. మొదటి పేజీలోనే ఉంది: ‘అలెగ్జాండర్ మెయిర్, షేవీ అనబడే నాకు, పాత తోటలో పద్నాలుగో నంబరు చోటు కలదు.’ అరిచినంత పని చేశాను. పక్కన కూర్చున్నాయన కళ్లజోడు మీదుగా నావైపు గుర్రుగా చూశాడు. వీలునామా పేజీలన్నిటికీ నకళ్లు తీయించుకుని రైలుకి పరిగెత్తాను.

కావలసింది కనిపించగానే చదవడం ఆపేసే రోగం నాకు చిన్నప్పటినుంచీ ఉంది.

మంగళవారం పొద్దున్నే ఆసుపత్రిలో నర్సుకి వాటీ ఇంటి ఫోన్ నంబరు ఇచ్చి, ‘ఏదైనా ఉంటే ఇక్కడికి చెయ్యమ్మా’ అన్నాను. సంతకం అయ్యేదాకా ఆ ఇంట్లోంచి కదిలేది లేదనుకున్నాను. వెళ్లి తలుపు కొట్టాను.

మా ఊళ్లో తలుపు కొట్టరు. పిలుచుకుంటూ లోపలికి వెళ్లిపోతారు. కొట్టారంటే పరాయివాళ్లయినా అయ్యుండాలి, పోలీసయినా అయ్యుండాలి.

తలుపు తీసింది వాటీ చెల్లెలు టీనీ. డెబ్బై అయిదేళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు. చేతులకి పిండి, నడుముకి గుడ్డ.

“తలుపు కొట్టావంటే పోట్లాటకే వచ్చావన్నమాట. రా. బూట్లు తుడుచుకో, పోట్లాటకైనా సరే,” అంది.

వాటీ పొయ్యి పక్కన పీతల బుట్ట అల్లుకుంటున్నాడు. తలెత్తలేదు. ఆయన తల మీద గోడకి మేకు, మేకుకి వెండి జేబుగడియారం. టిక్కు టిక్కుమంటూ అసలే కుదురులేని నా ప్రాణం తీస్తోంది.

“వాటీ గారూ, మీకో ఉత్తరం తెచ్చాను. మా తాత రాశాడు. డెబ్బై ఏడేళ్లు ఆలస్యమైంది, ఏమనుకోకండి,” అన్నాను.

“వెటకారం షేవీలకి పాలతో పోస్తారు కాబోలు,” అన్నాడాయన దారం లాగుతూ. “కూచో.”

“కూర్చోను.”

“అయితే నిలబడు. నేల నాదే, అరగదులే.”

నకలు తీసి ఆయన ముందు పెట్టాను. బుట్ట పక్కన పెట్టి, భూతద్దం తెచ్చుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్లాను, మళ్లీ వచ్చాను, మళ్లీ వెళ్లాను. బయట గాలికి రేవులో పడవలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.

“ఆ పిల్లని కూచోమనవే, నా తల తిరుగుతోంది,” అన్నాడు చెల్లెలితో. అరవై ఒక్కేళ్ల నన్ను పిల్ల అనేవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు.

మొదటి పేజీ అయింది. భూతద్దం దించాడు.

“నిజమే. పద్నాలుగు షేవీలదే. నేను పొరబడ్డాను.”

నేను తయారు చేసుకు వచ్చిన తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. పదిహేనేళ్లు చర్చి మెట్ల మీద కూడా మొహం తిప్పుకున్న మనిషి ఇంత తేలిగ్గా ఒప్పేసుకుంటాడా?

“అయితే ఇదిగో కాగితం. ఇక్కడ సంతకం పెట్టండి,” అన్నాను సంచిలోంచి తీసి.

“ఆగు. రెండో పేజీ చదివావా?”

“ఎందుకు చదవలేదు?” అన్నాను. చదవలేదు. రైల్లో దీపం గుడ్డిగా ఉందనీ, చేతిరాత వంకరగా ఉందనీ నాకు నేనే చెప్పుకున్నాను.

“అయితే చదివి వినిపించు. నా కళ్లు సరిగా లేవు.”

అబద్ధం. ఆ కళ్లతోనే సందు చివర నుంచి పడవ నంబరు చదువుతాడు. అయినా తీసుకున్నాను. గట్టిగా మొదలుపెట్టాను.

“‘బిడ్డల వాటా నా ధర్మపత్నికి పుట్టిన జేమ్స్‌కు, మార్గరెట్‌కు సమానముగా చెందవలెను...’”

అక్కడ ఆగిపోయాను. కింది వరుస చూశాను. మళ్లీ పై వరుస చూశాను.

మా దేశంలో తండ్రికి ఎంత కోపమొచ్చినా బిడ్డల నోట్లో మన్ను కొట్టలేడు. ఇల్లూ నేలా సంగతి వేరు. మిగతా ఆస్తి, అంటే పడవలో వాటా, వలలు, మంచాలు, గిన్నెలు, ఇదంతా మూడు భాగాలు చేస్తారు. ఒకటి భార్యది, ఒకటి బిడ్డలది. ఈ రెండూ ఎవరూ తాకడానికి లేదు. మూడోదాన్ని చచ్చినవాడి వాటా అంటారు. అది ఆయనిష్టం. పిల్లికి రాసినా అడిగేవాడుండడు. ఈ సంగతి మా రేవులో వలకి చిక్కు తీసే పసివాళ్లకి కూడా తెలుసు. కడుపున పుట్టిన బిడ్డ పేరు బిడ్డల వాటాలో లేకుండా ఉండదు. అప్పటికి మా అమ్మకి పదమూడేళ్లు.

“చదువు. ఆపావేం?” అన్నాడు వాటీ. గొంతులో ఎత్తిపొడుపు లేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

“‘నా సొంత వాటాలోంచి, మా ఇంట పెరుగుచున్న బార్బరాకు నీలం పెట్టె, ఈకల పరుపు. పద్నాలుగో నంబరు చోటు నా బిడ్డలకు, వారి తదుపరి వారి బిడ్డలకు.’”

మా ఇంట పెరుగుచున్న బార్బరా. ‘నా కూతురు’ అని లేదు.

జేమీ మామకి పిల్లల్లేరు. మార్గరెట్ పెద్దమ్మ పెళ్లి కాకుండానే పోయింది. ఆ చోటు షేవీలదని నేనే రుజువు చేశాను. షేవీ బిడ్డల్లో మా అమ్మ లేదని కూడా నేనే రుజువు చేశాను. కష్టపడి, టిక్కెట్టు పెట్టుకుని, రెండు రోజులు కూర్చుని మరీ వెతికి తెచ్చి, మా అమ్మ గోతిని నేనే పూడ్చేశాను.

పొయ్యిలో బొగ్గు ఎర్రగా ఉంది. నా చెయ్యి దానివైపే వెళ్లింది.

“నకలు కాలిస్తే అసలు కాలుద్దా పిచ్చిదానా?” అంది టీనీ, చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతూ. “కూచో ఇప్పుడైనా.”

కూర్చున్నాను.

అమ్మ నీలం పెట్టె గుర్తొచ్చింది. దాని తాళంచెవి ఎప్పుడూ ఆవిడ మెడలోనే ఉంటుంది. నా పుట్టుక కాగితం అందులోనే, నా పెళ్లి కాగితం అందులోనే. ‘నీ పుట్టుక కాగితం ఏదమ్మా’ అని పింఛను పనిమీద ఒకసారి అడిగితే, ‘నేను పుట్టానని ఎదురుగా కనపడట్లేదా?’ అని కసిరింది. నవ్వుకున్నాను. మొద్దు బుర్ర!

“ఈ సంగతి నీకు ముందే తెలుసు,” అన్నాను వాటీతో. ‘మీరు’ ఎక్కడ పోయిందో చూసుకోలేదు. “తెలిసే చదివించావు. నా నోటితోనే నా తల్లిని దిక్కులేనిదాన్ని చేయించావు. తృప్తిగా ఉందా ముసలోడా? మా అమ్మ ఎవరి బిడ్డ? చెప్పు!”

ఆయన బుట్ట అందుకున్నాడు. వేళ్లు దారం కోసం వెతుకుతున్నాయి, దారం ఒళ్లోనే ఉంది.

“చెప్తావా, నేను చెప్పనా?” అంది టీనీ.

“టీనీ. అమ్మకి మాటిచ్చాం.”

“అమ్మ పోయి ఇరవై రెండేళ్లు. మాట నిలబెట్టుకున్నాం, ఇక చాలు. నాకూ డెబ్బై అయిదు. ఈ మూట మోసుకుంటూ పైకి పోయే ఓపిక నాకు లేదు.”

లోపలి గదిలోకి వెళ్లి బిస్కట్ల డబ్బా తెచ్చింది. మూత ఊడక పిండి చేతులతో జారుతుంటే నా ఒళ్లో పడేసింది. లోపల మడత పెట్టిన కాగితం, షెరీఫ్ కోర్టు ముద్ర. ‘అలెగ్జాండర్ మెయిర్, కోస్టీ అనబడే నేను...’ 1946.

“ఎడిన్‌బరోలో ఇది నీ మోచేతి పక్క అరలోనే ఉండుంటుంది,” అన్నాడు వాటీ నేలవైపు చూస్తూ. “నువ్వు తియ్యవు. నాకు తెలుసు.”

తియ్యలేదు. ఆ సంవత్సరం పుస్తకం నా ఎదురుగానే ఉంది. తీసి చూడాలన్న ఆలోచనే రాలేదు. ఇంకో ఇంటివాళ్ల వీలునామా తెరవడమంటే మా ఊళ్లో వాళ్ల మంచం కింద వంగి చూడటంతో సమానం. ఎవరి చావు వాళ్లే చదువుకోవాలి. మర్యాదస్తురాల్ని కదా, మర్యాదగా నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

ఈసారి చివరిదాకా చదివాను. భార్య వాటా. బిడ్డల వాటా వాల్టర్‌కు, క్రిస్టీనాకు. అంటే వాటీకి, టీనీకి. ఆ తర్వాత:

‘నా సొంత వాటాలోంచి, షేవీ వారింట పెరిగిన బార్బరాకు నా వెండి గడియారము. కారణము ఆమెకు తెలియును.’

తల ఎత్తాను. గోడ మీద గడియారం కొట్టుకుంటూనే ఉంది.

“షేవీ సాండీ చెల్లెలు ఎల్స్పెత్,” అంది టీనీ నెమ్మదిగా. “మా నాన్నకీ ఆమెకీ పెళ్లి నిశ్చయమైంది. చేపలు కోసే పనికి దక్షిణాదికి వెళ్లిన ఆడపిల్లలు తిరిగొచ్చాక చేద్దామనుకున్నారు. ఆమె కూడా వాళ్లతో వెళ్లి, మా నాన్న బిడ్డను మోస్తూ ఎనిమిదో నెలలో తిరిగొచ్చింది. పెళ్లికి పదిరోజులుందనగా నొప్పులొచ్చాయి. బిడ్డ బతికింది, తల్లి పోయింది. ఎల్స్పెత్ అన్న ఆ బిడ్డని ఇంటికి తీసుకెళ్లి తన పిల్లల్లో కలిపి పెంచాడు. తర్వాత పదేళ్లకి మా నాన్న మా అమ్మని చేసుకున్నాడు. ఆ పిల్ల పేరు ఈ ఇంట్లో ఎత్తకూడదని మా అమ్మ బైబిల్ మీద ఒట్టు వేయించుకుంది.”

ఎల్స్పెత్ మెయిర్, 1896. ఆ రాయి మీద ఆ పేరు వందసార్లు చదివాను. మా అమ్మ పుట్టిందీ 1896లోనే. పక్కపక్కన పెట్టి చూడాలని ఏనాడూ తోచలేదు.

‘నన్ను అమ్మ పక్కన పెట్టండే.’

అమ్మమ్మ పక్కన కాదు. తను మొహం కూడా ఎరగని తల్లి పక్కన. ఏడుపొచ్చింది. కోస్టీల వంటింట్లో, కోస్టీల ముందు ఏడ్చాను. ఆపుకోవాలనీ అనిపించలేదు.

“ఇద్దరు తండ్రులు,” అన్నాను ముక్కు తుడుచుకుంటూ. “ఇద్దరికీ నోరు పెగల్లేదు. ఇద్దరూ చచ్చాక ఇచ్చారు, అదీ చచ్చినవాడి వాటాలోంచి. ఒకడు పరుపు, ఒకడు గడియారం. ఆ గడియారం కూడా ఆవిడకి చేరలేదు! నలభై ఏళ్లు మేకుకి వేలాడదీసుకుని టైము చూసుకున్నావు కదూ?”

“చూసుకోలేదు,” అన్నాడు వాటీ. “రోజూ కీ ఇచ్చాను. ఆగనివ్వలేదు. అంతకంటే చేతకాలేదు నాకు.”

“ఇవ్వడానికి ఒక్క వీధి దాటాలి. అంతే!”

“గేటు దాటాలి,” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఒక్క నిమిషం తర్వాత అయింది.

1946లో నాకు ఇరవై ఒకటి. కోస్టీ సాండీని పూడ్చిన రోజు జోరువాన. ఆ రోజుల్లో మా ఊళ్లో ఆడవాళ్లు గొయ్యిదాకా వెళ్లేవాళ్లు కాదు, శవపెట్టె వీధి మలుపు తిరిగేదాకా చూసి ఇంట్లోకి వెళ్లిపోవాలి. పెట్టెకి కట్టిన తాళ్లు పట్టుకుని దించేది మగవాళ్లే, తలవైపు తాడు పెద్ద కొడుకుది. అలాంటిది, మా అమ్మ నల్లకోటు వేసుకుని కొండెక్కి తోట గేటుదాకా వెళ్లిందట. మోకాళ్లదాకా తడిసి తిరిగొచ్చింది. పరాయివాడి చావుకి ఇదేం చోద్యమని ఊరు ఊరంతా నవ్వింది. నేనూ సిగ్గుతో చచ్చిపోయాను. వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

“తలవైపు తాడు నా చేతిలో ఉంది,” అన్నాడు వాటీ. “గేటు దగ్గర ఆమె నిలబడి ఉంది. లోపలికి రానివ్వమనలేదు, నోరు తెరిచి ఏమీ అడగలేదు. అక్కడే నిలబడతానన్నట్టు చూసింది. కింద ఇంటి కిటికీలోంచి మా అమ్మ చూస్తోందనీ, ఆమె అంటే అమ్మకి పడదనీ నాకు తెలుసు. వెళ్లి గేటు వేసేశాను. ఆమె మొహం మీదే. మూడు నెలల తర్వాత ఈ కాగితం చేతికొచ్చింది. అప్పుడు మా అమ్మ చెప్పింది, ఆమె ఎవరో.”

“మరి ఆ చోటు కోసం ఇన్నేళ్లూ ఎందుకు పట్టుబట్టావు? తెలిసి కూడా?”

“మా నాన్నకి ఎల్స్పెత్ పక్కన చోటు కావాలని ఉండేది. మా అమ్మ పడనివ్వలేదు. ఆయన బదులు నేనైనా...” ఆగిపోయాడు. “ముసలితనంలో బుర్ర పనిచెయ్యదులే.”

“కుర్రతనంలో చేసింది కాబోలు!” అంది టీనీ. నావైపు తిరిగింది. “వీడు నీ మేనమామే జెస్సీ. నేను నీకు పిన్నిని. ఈ దరిద్రం ఇన్నాళ్లూ నీకు తెలియకపోవడమే హాయి.”

మేనమామ. ఈ వయసులో! పదిహేనేళ్లుగా నేను చాటునా ఎదుటా తిట్టిన తిట్లన్నీ మేనమామకే చేరాయన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం పెట్టుకుని, కౌన్సిల్ కాగితం ఆయన ఒళ్లోకి తోశాను.

“రుజువు లేదు నా దగ్గర. ఉన్న రుజువు మాకే ఎదురు తిరిగింది. ఇక నీ సంతకం ఒక్కటే దిక్కు. అడుక్కోమంటే అడుక్కుంటాను. పెట్టు.”

పెన్ను ఇచ్చాను. ఆయన పట్టుకున్నాడు. గీత మీదికి తెచ్చాడు.

అప్పుడే ఫోన్ మోగింది.

టీనీ తీసి నాకు అందించింది. అయిపోయింది, అమ్మ వెళ్లిపోయింది అనుకున్నాను.

“జెస్సీ గారేనా?” నర్సు గొంతు గది అంతా వినపడేటంత గట్టిది. “కంగారు పడకండి, మీ అమ్మగారు లేచారు. తెలివిగానే ఉన్నారు. కానీ డాక్టరుగారు త్వరగా రమ్మంటున్నారు. సాయంత్రం దాకా ఆగకండి. ఇంకోటి, ఆవిడ తమ్ముణ్ణి తీసుకురమ్మంటున్నారు.”

“జేమీ మామ పోయి ముప్పై ఏళ్లయిందమ్మా. పైగా ఆయన అన్న.”

“నేనూ అదే చెప్పాను. ‘వాడు కాదే పిల్లా, నా చోటు పట్టుకు కూర్చున్నవాడు’ అంటున్నారు. మీకేమైనా అర్థమైందా?”

అమ్మకి తెలుసు. మొదటినుంచీ అన్నీ తెలుసు. రైలెక్కే ముందు ఆసుపత్రికి వెళ్తే ‘ఎడిన్‌బరో దాకా ఎందుకే, ఆ వాటీని అడగరాదూ’ అంది. మందుల మత్తులో మాట్లాడుతోందనుకున్నాను.

ఫోన్ పెట్టేసి తిరిగి చూశాను. వాటీ లేచి నిలబడి ఉన్నాడు. పెన్ను నేల మీద పడింది. కాగితం మీద గీత ఖాళీగానే ఉంది. ఆయన గోడ దగ్గరికి వెళ్లి మేకు మీది గడియారం తీశాడు, చొక్కాకి తుడిచాడు, గుప్పెట్లో పెట్టుకున్నాడు.

“వ్యాన్ తాళాలేవే టీనీ?”

“సంతకం!” అన్నాను. “మామా, దారిలో ఆవిడకేమైనా అయితే? ముందు సంతకం పెట్టు!”

ఆ పిలుపు నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆయన మాత్రం గుమ్మంలో ఆగాడు.

“కాగితం నీ దగ్గర పెట్టుకో. పెడితే అక్క ఎదురుగానే పెడతాను,” అన్నాడు టోపీ సరిగ్గా పెట్టుకోవడం చేతకాక. “వానలో ఆమె మొహాన గేటు వేసినవాణ్ణి జెస్సీ. ఇవాళ నన్ను చూసి ఆమె మొహం గోడవైపు తిప్పుకుంటే, నేనేం చెయ్యాలి?”